కొమ్ములున్న తల్లి

"అది ఆడదండీ బాబూ! గీసింది నేను. నాకు తెలియదా?"

ఫోన్ స్పీకర్లోంచి వచ్చిన ఆ అరుపుకి తీర్పరి చలించలేదు. కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలాడు. ఎదురుగా కంప్యూటర్ తెరమీద కొమ్ములున్న డ్రాగన్ ఒకటి గుడ్ల చుట్టూ తోక చుట్టి, కత్తులు పట్టుకొచ్చిన సైనికుల మీద నిప్పులు కక్కుతోంది. బొమ్మ కింద ఆయన స్వహస్తాలతో తగిలించిన ట్యాగ్ ఉంది: 'మగ'.

ఊహాజంతువుల బొమ్మలు దాచే ఆ ఆన్‌లైన్ ఖజానాలో ఏది ఆడో ఏది మగో తేల్చే పని ఆయనది. జీతం లేదు, భత్యం లేదు. పెత్తనం మాత్రం కావలసినంత ఉంది. అందుకే అక్కడ అందరూ ఆయన్ని తీర్పరిగారంటారు. అది వెటకారమని ఆయనకు ఇప్పటికీ తట్టలేదు.

"మీకు తెలిసింది మీ దగ్గరే ఉంచుకోండమ్మా. మా నియమం ఒక్కటే. బొమ్మలో కనిపించిందే లెక్క. గీసినవాళ్ల మాట చెల్లదు."

"గుడ్లు కనిపించట్లేదా మీకు?"

"కనిపిస్తున్నాయి. వాటిని పెట్టిందెవరో కనిపించట్లేదు. ఇతను కాపలా కాస్తున్నాడు, అంతే."

"మరి మగదని ఎలా తేల్చారు?"

"కొమ్ములు. వెడల్పు దవడ. బండ గొంతు."

"బొమ్మకి గొంతెక్కడిదండీ!"

"నోరు తెరిచిన తీరు చూస్తే తెలియట్లేదూ?"

అవతల ఉన్నామె ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ లేని పూట బొమ్మలు వేస్తుంది. ఖజానా వాళ్లు 'అమ్మలు' అని ఒక ప్రదర్శన పెట్టారు. 'ఆడ' అన్న ట్యాగ్ ఉంటేనే బొమ్మకి అందులో చోటు. గడువు ఆ సాయంత్రంతో సరి.

"సార్, అది మా అమ్మ." నర్సు గొంతు తగ్గింది. "మనిషి లావు, నోరు పెద్దది. మా జోలికి ఎవరైనా వస్తే వీధి వీధంతా అదిరిపోయేది. పోయి ఏడాదైనా కాలేదు. నలుగురు అమ్మల పక్కన తనూ ఉండాలని గీశాను."

తీర్పరి మనసు కరిగింది. కరిగినట్టే కరిగి మళ్లీ గడ్డకట్టింది. ఈమె ఒక్కదానికి సడలిస్తే, ఇన్నేళ్లుగా మగవని తేల్చిన కొమ్ములన్నీ లేచి తన మీదికొస్తాయి.

"ఒక పని చేయండమ్మా. రెప్పలకి పొడుగాటి వెంట్రుకలు పెట్టండి. నడుము కాస్త సన్నం చేయండి. చెవి పక్కన ఓ పువ్వు గుచ్చితే మరీ మంచిది. చిటికెలో ఆడదాన్ని చేసేస్తాను."

"మా అమ్మ రెప్పలు టపటపలాడించి పెంచలేదండీ మమ్మల్ని!"

ఫోన్ కట్టయింది.

ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది. చేతిలో ఖాళీ పాలగిన్నె.

"పాపం, ఆడదని పెట్టేస్తే మీ సొమ్మేం పోయింది?"

"నియమం పోతుంది."

"పోనీ, తెలియదని పెట్టండి."

"తెలియదంటే ఎవరికి తెలియనట్టు? నాకేగా! నీకు అర్థం కాదు. చూడగానే ఆడో మగో చెప్పే కన్ను అందరికీ ఉండదు. మన పిల్లిని తెచ్చిన రోజున ఏమన్నాను? ఆ బుగ్గలు, ఆ నడకలో దర్జా చూసి పోతుపిల్లి అన్నానా లేదా? దొర అని పేరు పెట్టానా లేదా?"

"పెట్టారు. పశువుల డాక్టరుకి ఓసారి చూపిద్దామంటే వద్దన్నారు కూడా."

"కన్నున్నవాడికి డాక్టరెందుకు?"

"ఆ దొరే పొద్దుట్నుంచీ కనిపించట్లేదు. పాలు కూడా ముట్టలేదు."

"ఏ గోడమీదో పెత్తనం చేస్తుంటాడులే. మగాడన్నాక నాలుగు వీధులు తిరగడూ?"

ఆవిడ పిల్లిని వెతుక్కుంటూ లోపలి గదిలోకి వెళ్లింది. తీర్పరి ఒంటికొమ్ము గుర్రం బొమ్మ ఒకటి తెరిచి, దాని దవడ కొలిచే పనిలో పడ్డాడు. అంతలో లోపలినుంచి కేక వినిపించింది.

"ఏవండీ! ఒక్కసారి ఇలా రండి. వస్తూ వస్తూ ఆ కన్ను కూడా తెచ్చుకోండి."

బీరువా కింది అరలో, ఆయన ఇస్త్రీ చొక్కాల మీద దొర పక్కకి ఒరిగి పడుకుని ఉంది. పొట్ట దగ్గర, ఇంకా కళ్లు తెరవని కూనలు పాలకోసం ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆయన చూస్తుండగానే ఇంకో కూన బయటికొచ్చింది. దొర దాన్ని నాకి దగ్గరికి లాక్కుని, తీర్పరిని చూసి పళ్లు బయటపెట్టి బుస్సుమంది.

"ఇప్పుడు కనిపించిందా, కన్నదెవరో?" అంది భార్య.

తీర్పరి ముఖం పాలిపోయింది. నెమ్మదిగా వచ్చి కంప్యూటర్ ముందు కూలబడి, గుడ్ల చుట్టూ తోక చుట్టిన ఆ డ్రాగన్ని మళ్లీ తెరిచాడు. దాని కొమ్ముల వంక, దవడ వంక చాలాసేపు చూశాడు. తర్వాత గబగబా టైపు చేయడం మొదలుపెట్టాడు.

ఆవిడకి జాలేసింది. ఇన్నేళ్ల కాపురంలో మనిషి ఓ మెట్టు దిగడం ఇదే చూడటం. మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

"ఆ అమ్మాయికి క్షమాపణ రాస్తున్నారా?" అని అనునయంగా అడిగింది.

"క్షమాపణ దేనికి? నియమాల్లో చిన్న లోటుంది, పూడుస్తున్నాను," అంటూ తీర్పరి తెరని ఆవిడ వైపు తిప్పాడు.

'కొత్త నియమం: గుడ్లు పెట్టినంత మాత్రాన, పిల్లల్ని కన్నంత మాత్రాన ఆడదని అనుకోరాదు. మగవి కూడా కంటాయి. మా ఇంట్లో నేను కళ్లారా చూశాను.'