మేనేజరుగారి కప్పు

ల్యాబులో తడిగుడ్డ పెట్టే నేను, పోయినేడు దాహం ఆగక మేనేజరుగారి కప్పుతో నీళ్లు తాగాను. ఆయన దాన్ని రెండు వేళ్లతో పట్టుకెళ్లి చెత్తబుట్టలో పడేశారు.

“నీ ఎంగిలి నేను తాగాలా?” అన్నారు, అందరి ముందూ.

ఇవాళ ఆయన బిళ్ల చప్పరిస్తున్నారు. పళ్లు పుచ్చకుండా కాపాడే మంచి బ్యాక్టీరియా బిళ్ల అది. మా ల్యాబులోనే తయారైంది.

“రెండు నెలల్నుంచి రోజూ వాడుతున్నా. ఒక్క పన్ను పుచ్చితే ఒట్టు! ఈ బ్యాక్టీరియా ఎక్కడ దొరికిందో గానీ!”

తుడుపుకర్ర గోడకి ఆనించాను.

“నా నోట్లోనండీ. నాకు ఒక్క పన్నూ పుచ్చలేదని మన ల్యాబు డాక్టరమ్మ నా ఉమ్ములోంచే తీశారు.”

బిళ్ల ఆయన బుగ్గలోనే ఆగిపోయింది. నేను చెత్తబుట్ట తెచ్చి ముందు పెట్టాను.

“ఇది ఉమ్మేస్తారు సరే సార్. రెండు నెలలుగా మింగినవాటి సంగతేంటి?”