రోడ్డవతలి లైసెన్సు

“వైన్ ఉండదా? అయితే ఇంకోసారి వస్తాంలెండి.”

ఒళ్ళో పరుచుకున్న నాప్‌కిన్లు మళ్ళీ బల్లమీద పెట్టి నలుగురూ లేచారు. సూప్ వాసన మాత్రం అద్భుతంగా ఉందని వెళ్తూ వెళ్తూ మెచ్చుకున్నారు కూడా.

వంటగది కిటికీలోంచి ఆమె చూస్తూనే ఉంది. చీకటి పడితే చాలు, రోజూ ఇదే తంతు. తన దగ్గర ఉన్నదంతా పోసి తెరిచిన రెస్టారెంటు. ఈ చలికాలంలోగా బల్లలు నిండకపోతే తాళం వేసి, మళ్ళీ ఎవరి వంటగదిలోనో ఉల్లిపాయలు తరగాల్సిందే.

“రేపు మద్యం లైసెన్సు ఆఫీసుకి నువ్వు వెళ్ళిరా నాన్నా. నాకు పొయ్యి వదిలే వీల్లేదు.”

తండ్రి తలూపాడు. రైల్వే గార్డుగా రిటైరైన మనిషి. భార్య పోయాక ఖాళీ ఇంట్లో కూర్చోలేక, కూతురి దగ్గర వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే పని పెట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం గొడుగు దులుపుకుంటూ తిరిగొచ్చాడు.

“కొత్త లైసెన్సులు లేవట తల్లీ. పేటకి ఇన్నేనని ప్రభుత్వం గీత గీసేసింది. పాతది ఎవరైనా వదులుకుంటే, దాన్నే పేరు మార్పించుకోవాలట.”

“ఇంకేం! ఎదుటి బార్ ఆంటీ మానేస్తానంటోందిగా, మోకాళ్ళ నొప్పులని.”

“మొత్తం విను. బయటివాళ్ళ పేరుకి మార్చరట. తల్లో, అత్తో, పిన్నో... సొంత మనిషి అయ్యుండాలట.” గట్టిగా నిట్టూర్చాడు. “మనకి ఆవిడతో ఏం చుట్టరికం ఉందని? పోనీలే.”

నాప్‌కిన్లు ముందేసుకుని మడతపెట్టడం మొదలుపెట్టాడు.

కూతురు ఆ పూట సూప్‌లో రెండుసార్లు ఉప్పు వేసింది. రోడ్డవతల బార్‌లో దీపాలు వెలుగుతున్నాయి. భర్త పోయినా దాన్ని ఒంటిచేత్తో నడుపుకొస్తోంది ఆవిడ. ఎండాకాలంలో వీళ్ళ ఫ్రిజ్ మొరాయిస్తే, అడగకుండానే బకెట్ నిండా ఐసు పంపింది. మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు. అలాంటి మనిషి.

రాత్రి కూతురు వచ్చి తండ్రి ఎదురుగా కూర్చుంది.

“నాన్నా, కోప్పడనంటే ఒక మాట.”

“కోప్పడతాను. చెప్పు.”

“ఆవిడ నాకు పిన్ని అయితే?”

ఆయన చేతిలోంచి నాప్‌కిన్ జారిపోయింది. “మతి పోయిందా నీకు? ఈ వయసులో పెళ్ళేంటి? జనం నవ్విపోరూ!”

“నవ్వే జనమేం వచ్చి తింటున్నారు కనుక?”

“అసలు ఆవిడ మరీ గట్టిగా నవ్వుతుంది.”

“నీకెలా తెలుసు?”

“రోడ్డు దాటి వినిపిస్తుంటే! చెవుల్లో దూది పెట్టుకుని కూర్చోనా?”

“అమ్మ ఉంటే నా కోసం ఏమైనా చేసేది,” అంది కూతురు నెమ్మదిగా.

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. రెస్టారెంటు కోసం కన్నతండ్రిని తాకట్టు పెడుతున్నానా అనిపించింది కూతురికి.

“సరే,” అన్నాడు చివరికి. “నీ కోసమే సుమా.”

ఆమె రోడ్డు దాటి వెళ్ళి సంగతంతా చెప్పింది. బార్ యజమానురాలు గ్లాసులు తుడుస్తూ విన్నది.

“లైసెన్సు కోసం మొగుడా!” అని పకపకా నవ్వింది. “అవునులే, మా ఆయన పోయాక నా పేరుకి మారింది కూడా భార్యననే కదా. ఇంతకీ మీ నాన్న ఏమన్నాడు?”

“ఒప్పుకున్నాడు ఆంటీ... అతికష్టం మీద.”

“పాపం!” తుడిచిన గ్లాసునే ఆవిడ మళ్ళీ తుడిచింది. “అయితే ఆయన్నే వచ్చి అడగమను. నాకీ రాయబారాలు నచ్చవు.”

తండ్రి ససేమిరా అన్నాడు. కూతురు బతిమాలింది. కాలర్ నలిగిన చొక్కాతో వెళ్ళనన్నాడు. కొత్తది కొనిపెట్టింది. ఒక్క మాట అడిగి వచ్చేస్తానని రోడ్డు దాటిన మనిషి, వంటగది కడిగి దీపాలు ఆర్పే వేళకి వచ్చాడు.

“ఏంటి నాన్నా, ఇంతసేపా?”

“ఆవిడ లేవనిస్తేగా! ఏం చేస్తాం, నీ కోసం భరించాలి.”

ఆ తర్వాత రోజూ భరించాడు. ఆవిడ మోకాళ్ళకి నడక మంచిదని డాక్టరు చెప్పాడట. తోడు వెళ్ళక తప్పలేదు. ఆవిడకి పాత పాటలు ఇష్టమట. కూర్చుని వినక తప్పలేదు. ఆయన అలసిపోయి వచ్చినప్పుడల్లా కూతురు నొచ్చుకుని, చేపలో మంచి ముక్క తీసి ఆయన ప్లేట్లో వేసేది. వద్దంటూనే తినేవాడు.

రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళయింది. ఫొటోలో ఆవిడ నోరారా నవ్వుతోంది. ఆయన మాత్రం రైలు కదలబోయే ముందు గార్డులా బిగుసుకుని నిలబడ్డాడు.

“థాంక్స్ నాన్నా,” అంది కూతురు, కళ్ళు ఒత్తుకుంటూ. “ఈ రుణం తీర్చుకోలేను.”

“పోనీలే తల్లీ,” అన్నాడాయన, “అలవాటు పడతాను.”

మర్నాడే ఆమె కాగితాలన్నీ పట్టుకుని లైసెన్సు ఆఫీసుకి వెళ్ళింది. గుమాస్తా పిన్ని సంతకం చూసి తలూపాడు. అద్దె ఒప్పందం చూసి తలూపాడు. పెళ్ళి సర్టిఫికెట్ దగ్గర ఆగిపోయాడు.

“ఇదెందుకమ్మా?”

“ఆవిడ మా పిన్ని అని రుజువు ఉండాలి కదండీ.”

గుమాస్తా కళ్ళజోడు పైకి నెట్టి, ఫొటోని దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“ఈ పెద్దాయనా! చుట్టరికంతో పనిలేదు, ఎవరి పేరుకైనా మారుస్తామని ఆ రోజు నాతో రెండుసార్లు చెప్పించుకుని మరీ వెళ్ళారు కదమ్మా!”