చేతి ఊపిరి

"నొక్కు, వదులు. నొక్కు, వదులు. మధ్యలో ఆపకు."

అంతే చెప్పి డ్యూటీ డాక్టరు పక్క రోగి దగ్గరికి వెళ్ళిపోయాడు.

రబ్బరు సంచి ఆమె చేతుల్లో ఉంది. దాని గొట్టం ఆమె భర్త గొంతులో ఉంది.

పెళ్ళయి నలభై రోజులు.

ఐదు రోజుల జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. పైన ఐసీయూలో ఉన్నవి ఆరే వెంటిలేటర్లు. ఒక్కటీ ఖాళీ లేదు. ఒకటి ఖాళీ అయ్యేవరకూ అతని ఊపిరి ఆమె వేళ్ళలోనే.

గంట గడిచేసరికి ఆ వేళ్ళు కొంకర్లు పోయాయి.

"ఇలా ఇవ్వు తల్లీ. కాసేపు నేను నొక్కుతాను."

తలెత్తి చూసింది. నడివయసు ఆవిడ. ఒంటి మీద పైన ఐసీయూలో తొడిగే పచ్చ గౌను, మెడలో నల్లదారానికి చిన్న సిలువ.

"నీకు చేతనవునా ఆయమ్మా?"

"నేర్చుకున్నాను."

నిజంగానే వచ్చు. నొక్కు, వదులు. గడియారం కొట్టినట్టు.

"పొద్దున మా చర్చివాళ్ళు వచ్చారు. ప్రార్థన చేసి వెళ్ళారు. పాపం, అందరికీ ఆఫీసులు," అంది పెళ్ళికూతురు వేళ్ళు విరుచుకుంటూ.

"మోకాళ్ళు వంగినంత తేలిగ్గా చేతులు కదలవులే. మీ ఆయనేం చేస్తాడు?"

"కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. మిషను ఏదైనా సరే, విప్పి బిగించేస్తాడు. టీ పెట్టడం మాత్రం రాదు. పెళ్ళయిన మూడోరోజు చక్కెర అనుకుని ఉప్పేసి తెచ్చాడు."

"పారబోశావా?"

"గ్లాసు ఖాళీ చేశాను. బాగుందని కూడా అన్నాను."

"ఇంతవరకూ చెప్పలేదూ?"

"లేచాక చెబుతాను."

పెద్దావిడ నవ్వింది. నవ్వుతున్నా చేతుల లయ తప్పలేదు.

డాక్టరు మళ్ళీ వచ్చాడు. కనురెప్పలు ఎత్తి చూశాడు. గోళ్ళు చూశాడు.

"ఇలా ఎంతసేపో లాగలేం. సాయంత్రంలోగా మిషను దొరకాలి," అనేసి వెళ్ళాడు.

పెళ్ళికూతురు పెద్దావిడ వైపు తిరిగింది.

"ఆయమ్మా, నువ్వు పైనే పనిచేస్తావుగా. మూడో నంబరు మంచం వాళ్ళతో మాట్లాడకూడదూ?"

"ఏమని?"

"ఆ కుర్రాడు నాలుగు రోజుల కిందటే అయిపోయాడట. మెదడు ఆగిపోయిందని డాక్టర్లు రెండుసార్లు పరీక్ష చేసి మరీ చెప్పారట. మిషను ఊపిరి ఆడిస్తోంది, అంతే. తీసెయ్యడానికి ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టట్లేదట. స్ట్రెచరు తోసే అతను చెప్పాడు."

పెద్దావిడ నొక్కుతూనే ఉంది.

"పోయినవాడి కోసం ఉన్నవాణ్ణి చంపొద్దని చెప్పు. వాళ్ళది గుండె కాదు, బండ."

సంచి మీద చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"చూసుకో ఆయమ్మా," కసిరింది పెళ్ళికూతురు.

నొక్కు, వదులు.

"దేవుడు లేపుతాడని చూస్తున్నారేమో తల్లీ. నాలుగు రోజులు సమాధిలో ఉన్నవాడు, ప్రభువు పిలవగానే లేచి రాలేదూ?"

"ఆయన అందరినీ అలా పిలవలేదుగా."

పెద్దావిడ సంచి నొక్కుతూనే మంచం మీది అతని మొహంలోకి చూసింది.

"లేదు. అందరినీ పిలవలేదు," అంది.

రెండు గంటలు ఏకబిగిన ఆమే నొక్కింది. అడిగినా వదల్లేదు. తర్వాత సంచిని జాగ్రత్తగా పెళ్ళికూతురి చేతుల్లో పెట్టింది.

"ఇంకో గంట నొక్కగలవా?"

"నొక్కుతాను. నువ్వెక్కడికి?"

"పైకి. నువ్వు చెప్పమన్నది చెప్పొద్దూ."

వెళ్తూ వెళ్తూ అతని నుదుటి మీద చెయ్యి వేసి, పెదవులు కదిపింది.

గంట దాటాక కబురొచ్చింది. మూడో నంబరు ఖాళీ అయింది, తీసుకురండి అని.

"స్తోత్రం ప్రభువా," అంది పెళ్ళికూతురు. హాల్లో అందరూ ఇటు తిరిగారు. ఆమెకి సిగ్గేయలేదు.

పైన అతని ఊపిరిని మిషను అందుకుంది. చేతుల్లో సంచి లేకపోయినా ఆమె వేళ్ళు ముడుచుకుంటూ తెరుచుకుంటూనే ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం అతను కళ్ళు తెరిచాడు.

ఆమె పరుగున నర్సు దగ్గరికి వెళ్ళింది.

"సిస్టర్, నిన్న కింద నాకు సాయం పట్టిన ఆయమ్మ ఏది? మూడో నంబరు వాళ్ళని ఒప్పించి పంపిందే, ఆవిడ. కాళ్ళు పట్టుకోవాలి."

నర్సు రాస్తున్న చార్టు పక్కన పెట్టింది.

"ఎవరూ ఒప్పించలేదమ్మా. ఆ కుర్రాడికి ఉన్నది తల్లి ఒక్కతే. నిన్న కింద నుంచి వచ్చి, వేళ్ళు పట్టేశాయి, సంతకం వంకరగా వస్తే ఏమీ అనుకోవద్దంటూ తనే పెట్టి వెళ్ళింది."