పెద్దాయన పావు వంతు

రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోయింది.

టీచరమ్మ మీటలన్నీ నొక్కింది. తలుపు మీద బాదింది. ఫోను తీసి చూస్తే సిగ్నల్ లేదు.

"కంగారుపడకండమ్మా! మెకానిక్ బయల్దేరాడు!" కింద నుంచి వాచ్‌మన్ కేకేశాడు.

ఎక్కణ్ణుంచి బయల్దేరాడో మాత్రం చెప్పలేదు.

పదింటికి ఐదో అంతస్తులో ఆమెకు పరీక్ష. నాలుగో తరగతి పిల్లలకు పాఠం చెప్పి, వెనక కూర్చున్న పెద్దలను మెప్పించాలి. మొత్తంలో వంతు కనుక్కోవడం, అదీ పాఠం. మెప్పిస్తే ఉద్యోగం, లేకపోతే మళ్ళీ ఇంటింటికీ తిరిగి ట్యూషన్లు. ముందే వచ్చి బోర్డు సర్దుకుందామని ఎనిమిదిన్నరకే వచ్చి ఇలా ఇరుక్కుంది.

ఆ ఇనప పెట్టెలో ఆమెతో పాటు ఉన్నది గడ్డం నెరిసిన ఒక పెద్దాయన.

"గోడలు మీదికొస్తున్నట్టున్నాయండీ," అంది. చేతులు వణుకుతున్నాయి. ఊపిరి ఆడటం లేదు.

"పొద్దున్న ఏమైనా తిన్నావా తల్లీ?"

"టెన్షన్‌లో ముద్ద దిగలేదండీ."

పెద్దాయన జేబులోంచి చిన్న గొట్టం తీశాడు. రుమాలు పరిచి గ్లూకోజ్ బిళ్ళలు ఒంపాడు. పన్నెండున్నాయి.

"ఇవి నోట్లో వేసుకుంటూ ఆ పాఠమేదో నాకు చెప్పు. నేనే నీ నాలుగో తరగతి అనుకో."

"మీకా?"

"ఏం, గడ్డం ఉంటే పాఠం ఎక్కదా?"

ఆమెకు అంత భయంలోనూ నవ్వొచ్చింది. కింద చతికిలబడి బిళ్ళల్ని నాలుగు కుప్పలు చేసింది.

"పన్నెండులో ముప్పావు ఎంత?"

"నాలుగు సమాన భాగాలు చేస్తే ఒక్కోటి మూడు. అలాంటివి మూడు, అంటే తొమ్మిది," ఠక్కున చెప్పాడు పెద్దాయన. "ఆ తొమ్మిదీ నీవి. ఈ పావు మాత్రం నాకుంచు."

పాఠం సాగింది. ఒక్కో బిళ్ళా చప్పరిస్తుంటే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో లైటు టప్పున ఆరి, మళ్ళీ వెలిగింది. గుండె జారిపోయి, చేతికి దొరికిన బిళ్ళనల్లా గబగబా నమిలేసింది. తేరుకుని చూస్తే రుమాలు ఖాళీ.

"అయ్యో, మీవి కూడా తినేశానండీ!"

పెద్దాయన రుమాలు వంక ఒక్క క్షణం చూశాడు.

"పోనీలే తల్లీ. పాఠం ఆపకు."

గంట గడిచినా మెకానిక్ జాడ లేదు.

"ఇరవైలో ఐదింట రెండు వంతులు ఎంత?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "నాలుగు."

"అది ఒక్క వంతేనండీ! పంచి ఆగిపోయారు. పిల్లలూ అచ్చం ఇలాగే చేస్తారు."

"అవునవును," అంటూ ఆయన నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"సరే, సులువైంది అడుగుతాను. పన్నెండులో ముప్పావు?"

"మూడు..."

"ఇందాక మీరే తొమ్మిదన్నారు కదా!" ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. "మనసు పెట్టి వినాలండీ. గోడకేసి చూస్తే లెక్కలొస్తాయా?"

ఇందాకటిది గాలివాటంగా తగిలిందన్నమాట, అనుకుంది. అయినా వదల్లేదు. కొత్త ఉపాయం తట్టింది.

"ఇదిగో ఒక వంతు, ఒక వేలు మడవండి. ఇదిగో రెండో వంతు, ఇంకో వేలు. ఎన్ని వంతులు కావాలో అన్ని వేళ్ళూ మడిచేదాకా ఆగకూడదు."

ఆయన వేళ్ళు మడత పడలేదు. ఏదో గొణిగి, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

పాఠం మధ్యలో కునుకు కూడానా, అని టీచరమ్మ నిట్టూర్చింది.

పది కావడానికి ఐదు నిమిషాలుందనగా లిఫ్టు కదిలి, తలుపులు తెరుచుకున్నాయి. బయట కాచుకుని ఉన్న ఒకావిడ లోపలికి దూసుకొచ్చి పెద్దాయన బుగ్గలు పట్టుకుంది.

"నాన్నా! పదహారులో ముప్పావు ఎంత? చెప్పు నాన్నా!"

ఈవిడ బయటి నుంచి పాఠమంతా విన్నట్టుంది, అనుకుంది టీచరమ్మ.

"ముప్పావు జోలికి పోకండి! ఆయనకది ఒంటబట్టలేదు!" అని నవ్వుతూ మెట్ల వైపు పరుగెత్తింది.

పాఠం అద్భుతంగా జరిగింది. ముందు బల్ల మీది పాప పంచి ఆగిపోతే ఆమె కసురుకోలేదు. వేళ్ళు మడిపించింది. క్లాసు క్లాసంతా వేళ్ళు మడిచింది. వెనక కూర్చున్న పెద్దల్లో ఒకరు కూడా మడిచారు.

"సోమవారం వచ్చి చేరండి," అన్నారు.

కాళ్ళు నేల మీద ఆనకుండా మెట్లు దిగింది. పెద్దాయనకు థ్యాంక్స్ చెప్పాలి. వాచ్‌మన్ చేతిలో ఆ రుమాలు కనిపించింది.

"పెద్దాయన వెళ్ళిపోయారా?"

"ఆసుపత్రికి తీసుకెళ్ళారమ్మా. ఇంకా కళ్ళు తెరవలేదట."

"అదేంటి, నిద్రపోతున్నారనుకున్నానే!"

"షుగరు మనిషమ్మా. ఇంజక్షన్ చేసుకుని, కూతురి దగ్గర తిందామని వచ్చాడు. ఆవిడ పనిచేసేది ఇక్కడే. తిండి ఆలస్యమయ్యేసరికి ఒంట్లో చక్కెర పడిపోయింది."

"మరి ఆవిడ లిఫ్టు దగ్గర లెక్క అడిగిందేంటి?"

"ఎప్పుడూ అంతేనమ్మా. లెక్కల్లో ఆయన పులి. తప్పు చెప్పాడంటే చక్కెర పడిపోయినట్టు గుర్తు. వెంటనే మూడు బిళ్ళలు నోట్లో వేస్తే లేచి కూర్చుంటాడు. అవి లేనిదే గడప దాటడు." వాచ్‌మన్ ఖాళీ గొట్టం చూపించాడు. "ఇవాళ ఏం చేసుకున్నాడో, ఒక్కటీ లేదు."

టీచరమ్మ ఆ గొట్టం చేతిలోకి తీసుకుంది. నోట్లో తీపి ఇంకా పోలేదు.

తన ప్రాణానికి సరిపడా మూడే ఉంచమని చెప్పి, మిగతావన్నీ ఇచ్చేసిన మనిషిని పట్టుకుని, లెక్కలు రావని కసురుకుంది తను.