కుందేళ్ళ సంచి

"ఏయ్, ఆ సంచి నాది! చెయ్యి తియ్యి!"

కూరగాయల కొట్టు వెనక గుమ్మం దగ్గర మహారాణి అరిచిన అరుపుకి, క్లాసులో అందరూ కళ్ళజోడు అని పిలిచే పిల్ల ఉలిక్కిపడి సంచి వదిలేసింది. ఇద్దరిదీ ఒకే కాలేజీ, ఒకే క్లాసు. అరిచినామెని, గొప్పలు పోతుందని, మహారాణి అని క్లాసులో వెనకాల అనుకుంటారు గానీ, గది అద్దె కట్టాక ఆ మహారాణి చేతిలో మిగిలేదానికి బియ్యం, ఉప్పు తప్ప ఇంకేమీ రావు. ఒంట్లో రక్తం బొత్తిగా లేదని, ఆకుకూరలూ క్యారెట్లూ బీట్‌రూట్లూ తినకపోతే పరీక్షల దాకా కూడా నిలబడలేవని కాలేజీ డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. తినమని చెప్పడానికేం, ఎవరైనా చెప్తారు. కొనిపెట్టేదెవరు?

అందుకే మహారాణి ఒక ఉపాయం పన్నింది. కొట్టు కట్టేసే వేళకి వచ్చి, ఇంట్లో కుందేళ్ళున్నాయి, పారేసే కూరలేమైనా ఉంటే ఇప్పించమని కొట్టాయన్ని అడిగింది. కుందేళ్ళూ లేవు, గాడిద గుడ్డూ లేదు. నా కోసం ఇవ్వండి అనడానికి ఆమెకి నోరు రాలేదు, అంతే. పాపం ఆయన నమ్మి, రోజూ ఒక సంచి కట్టి గుమ్మం పక్కన పెడుతున్నాడు. ఆ సంచి పుణ్యమా అని మహారాణి బుగ్గల్లో కాస్త రంగు కూడా వచ్చింది. ఇప్పుడు ఈ కళ్ళజోడు ఎక్కణ్ణుంచి ఊడిపడిందో, వచ్చి దాని మీద చెయ్యి వేసింది.

"నీదని తెలీదే. ఎవరూ లేరు కదా అని..." కళ్ళజోడు నసిగింది.

చప్పుడు విని కొట్టాయన చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. "ఏంటమ్మా గొడవ? మీ కుందేళ్ళు బావున్నాయా?"

"కుందేళ్ళా?" కళ్ళజోడు మహారాణి వంక వింతగా చూసింది. "మీ ఇంటి ఓనరమ్మ పిల్లిని కూడా గుమ్మం తొక్కనివ్వదన్నావు?"

"డాబా మీద పెంచుతున్నాలే. నీకెందుకు?"

కళ్ళజోడు కొట్టాయన వైపు తిరిగి చేతులు నలుపుకుంది. "బాబాయి గారూ, చాలా రోజుల్నుంచి వట్టి అన్నమే తింటున్నాను. మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయి. ఇందులో సగం ఇస్తే వండుకు తింటాను."

ఎంత తేలిగ్గా అనేసింది! సగం ఇస్తే మహారాణి తిండి సగం పోతుంది. అంతకన్నా ఘోరం, ఇది రోజూ ఇక్కడికి రావడం మొదలుపెడితే కుందేళ్ళ సంగతి బయటపడుతుంది. అప్పుడిక క్లాసులో తలెత్తుకు తిరగడం కల్ల.

కొట్టాయన సంచి వైపు ఒకసారి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది నీకివ్వకూడదమ్మా. నువ్వు తినడానికైతే..."

"అదే నేనూ అంటున్నాను!" మహారాణి ఆయన మాట పూర్తి కానివ్వలేదు. "సిగ్గుందా నీకు? మూగజీవాల నోటి దగ్గర కూడు లాక్కుంటావా? మనిషి పుట్టుక పుట్టి చెత్త ఏరుకు తింటానంటావా? మీ అమ్మానాన్నలకి తెలిస్తే మొహం ఎక్కడ పెట్టుకుంటారే? ఈ మాట రేపు క్లాసులో చెప్పానంటే నీ పక్కన ఒక్కళ్ళూ కూర్చోరు!"

దారిన పోయేవాళ్ళు ఇద్దరు ఆగి చూశారు. కళ్ళజోడు మొహం పాలిపోయింది. అద్దాలు తీసి, అరచేత్తో కళ్ళు తుడుచుకుని, ఎవరి వంకా చూడకుండా వీధిలోకి నడిచింది.

"అంతంత మాటలెందుకమ్మా" అని గొణుగుతూనే కొట్టాయన సంచి మహారాణి చేతిలో పెట్టాడు.

మహారాణి గెలిచింది. గదికి వెళ్ళి పాలకూర ఉడకేసుకుంది. ఉడికిస్తే సత్తువ పోతుందని క్యారెట్లూ క్యాబేజీ పచ్చివే తరుక్కుని కరకరా నమిలింది. మిగిలినవి మర్నాటికి డబ్బాలో సర్దుకుంది. కళ్ళజోడు ఏడుపు మొహం గుర్తుకొచ్చింది గానీ, అదేమీ ముద్ద దిగడానికి అడ్డు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం కాలేజీ క్యాంటీన్‌లో మహారాణి డబ్బా మూత తీసి తింటుంటే కళ్ళజోడు వచ్చి ఎదురుగా కూర్చుంది. కూర్చుని తన డబ్బా తెరిచింది. అందులో ఎర్రగా నిగనిగలాడే యాపిల్, గట్టి టొమాటోలు, లేత బీన్స్. మహారాణికి కన్ను కుట్టింది.

"ఎక్కడివే ఇవన్నీ?" అంది, నోటినిండా క్యాబేజీతో.

"ఆ కొట్టు బాబాయి గారే ఇచ్చారు. నిన్న నువ్వెళ్ళగానే నా వెనకాలే పరిగెత్తుకొచ్చారు. తినడానికని నోరు తెరిచి అడిగినవాళ్ళకి ఆ రోజు అమ్ముడుపోని మంచి సరుకే ఇస్తారట. రోజూ వచ్చి పట్టుకెళ్ళమన్నారు. ఆ మాట చెప్పబోతుంటే నువ్వు చెప్పనివ్వలేదట."

మహారాణి నమలడం ఆపేసింది. "మరి నా సంచి ఇవ్వకూడదన్నాడుగా, నా కుందేళ్ళ మీద జాలితోనేగా?"

"కాదే" అంది కళ్ళజోడు. తిట్లు తిన్న మనిషిలా లేదు, నిజంగానే దిగులుపడుతోంది. "రాత్రుళ్ళు గోడౌన్‌లో ఎలుకలు పొర్లి పాడుచేసినవన్నీ ఊడ్చి ఆ సంచిలోకి ఎత్తుతారట, నీ కుందేళ్ళకేం కాలేదు కదా?"