ఎర్ర బోయా దగ్గరి నీళ్లు

ఆమెకున్న పెద్ద భయం ఒక్కటే. సముద్రం మీదికి వెళ్లిన మొగుడు మళ్లీ గుమ్మం తొక్కడేమోనని.

"ఏమ్మా, ఆ సీసాని ఇందాకట్నుంచి కడుగుతూనే ఉన్నావు. అరిగిపోతుంది," అంది మేడమ్, సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తకుండానే.

ఆమె ఉలిక్కిపడి కొళాయి కట్టేసింది. కడిగిందో లేదో గుర్తురాక మళ్లీ కడుగుతోంది మరి. పక్క గదిలోకి వెళ్లి చాప మీద నిద్రపోతున్న తన పసిదాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుని వచ్చింది. ఇంకో సీసా అందుకుంది. మళ్లీ వెళ్లి చూసింది.

ఆ ప్రయోగశాలలో మొగుడిది పొద్దుటి పని, ఆమెది మధ్యాహ్నం పని. అతను సముద్రంలో గుర్తుగా తేలే ఎర్ర బోయా దాకా పడవలో వెళ్లి, గుడ్డకన్నా సన్నటి వలను నీళ్లలో లాగి, అందులో చిక్కిన కంటికి ఆనని జీవాల్ని సీసాల్లో పట్టి తేవాలి. మేడమ్ వాటిని రకాలుగా విడదీస్తుంది. వెంట వెళ్లాల్సింది ఆవిడే గానీ, పడవెక్కితే ఆవిడకు పేగులు నోట్లోకి వస్తాయి.

"అంతా అయోమయంగా ఉంది," అంది మేడమ్. "మొన్నటిదాకా బాణం పురుగులు, పీత పిల్లలు, అద్దంలాంటి జెల్లీలు... ఎన్ని రకాలో! ఇప్పుడు చూస్తే ఏటి నీళ్లలో బతికే నీటి ఈగలే. ఉప్పదనం సగానికి సగం పడిపోయింది. వానా లేదు, వరదా లేదు. ఈ సముద్రానికి ఏమొచ్చిందసలు?"

ఎనిమిదో తరగతితో బడి మానేసిన ఆమెకు అందులో సగమే అర్థమైంది. మిగతా సగం గుండెల్లో గుబులై కూర్చుంది. సముద్రానికే ఏదో అయితే, దాని మీదున్న మనిషి మాటేంటి?

సాయంత్రం అన్నం వడ్డిస్తూ అడిగింది. "బావా, సముద్రం మారిపోయిందంట, నిజమేనా?"

"మారడానికి అదేమన్నా చీరా? నువ్వు పొద్దున తిన్నావా లేదా, అది చెప్పు."

తిన్నదో లేదో ఆమెకు గుర్తు రాలేదు. "తిన్నా," అంది.

"నీళ్లలోకి దిగావెందుకు?"

"నీకెలా తెలుసు?"

"పొద్దున నేనొచ్చేసరికి కుచ్చిళ్లు తడిసి ఉన్నాయిగా."

"నీ పడవ కనిపిస్తుందేమోనని."

"పడవ కోసం నడుం లోతు దిగాలా? పసిది ఇంట్లో ఏడుస్తుంటే?"

ఆమె తికమక పడింది. పెరటి తలుపు తీయడం గుర్తుంది. చల్లటి నీళ్లు గుర్తున్నాయి. మధ్యలోది గుర్తు లేదు. "కనిపించక ఇంకాస్త దిగానేమో," అని నవ్వేసింది. అతని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె వెళ్లేసరికి మేడమ్ బల్ల మీద బకెట్టు ఉంది. పడవెక్కలేని మనిషి, కాళ్లకు పని చెప్పి, ఈ మొగుడూ పెళ్లాల ఇంటి వెనక ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తానే నీళ్లు ముంచి తెచ్చుకుంది.

"అవే ఈగలు, అదే ఉప్పు! సముద్రానికి జబ్బూ లేదు, గిబ్బూ లేదు. నీ మొగుడు బోయా ముఖమే చూడట్లేదు. ఇంటి వెనక ముంచుకొచ్చి నా నెత్తిన పోస్తున్నాడు. పిలువు ఆ పెద్దమనిషిని!"

ఆమె గుండె దూదిపింజైపోయింది. ఇన్నాళ్లూ తను వణికి చచ్చింది ఇంటి వెనక ఉన్న మనిషి కోసమా! ఆ వెంటనే ఇంకో దిగులు. పని పోతుందేమో. మళ్లీ సముద్రం మీదికే పొమ్మంటారేమో.

అతను వచ్చాడు. పసిది లేచి ఏడిస్తే ఆమె పక్క గదిలోకి వెళ్లి ఒళ్లో వేసుకుంది. తలుపు సందులోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"సముద్రమే మారిపోయిందని పైవాళ్లకు చెప్పేశానయ్యా! ఇప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోను? రేపట్నుంచి బోయా దాకా వెళ్తావా, వేరే మనిషిని చూసుకోనా?"

"వెళ్తాను మేడమ్."

"మరి ఇన్నాళ్లూ ఏమైంది? భయమా?"

"పుట్టిందే పడవలో. నీళ్లంటే నాకు భయమేంటి?"

"అయితే బద్ధకం!"

"మొగ దగ్గరైతే మా పెరటి తలుపు కనిపిస్తుంది మేడమ్. బోయా దగ్గరికెళ్తే కనిపించదు."

"అబ్బో! ఓ పిల్ల తండ్రివయ్యావు, పెళ్లాం ముఖం చూడందే పూట గడవదా?"

పక్క గదిలో ఆమె సిగ్గుతో పసిదాని బుగ్గలో ముఖం దాచుకుంది. పిచ్చి బావ!

అవతల అతను మాత్రం నవ్వలేదు. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"నేనొచ్చేదాకా ఎవరైనా వెళ్లి, అది మళ్లీ నీళ్లలోకి దిగకుండా కనిపెట్టుకుని ఉండండి మేడమ్."