తొలి వకాల్తా

"వాకిట్లో బోర్డు ఎప్పుడు దించుతావమ్మా?" అన్నాడు ఇంటి యజమాని గోవిందయ్య, గడప దాటి లోపలికి రాకుండానే.

సంతోషమ్మ చదువుతున్న పుస్తకం మూసింది. "ఏమైంది పెద్దాయనా?"

"నాకైతే నీ మీద ఏ అనుమానమూ లేదు తల్లీ. మా పాపకు సంబంధాలు సూస్తా ఉండాము. వచ్చినోళ్లు ముందు గదిలో ఎవరుండారని అడిగితే ఏం సెప్పేది? ఆదివారానికి కాళీ సేసెయ్."

మూడే రోజులు! పోనీ, కేసులున్నాయి అని బతిమాలుకుందామా అంటే బల్ల మీద దుమ్ము తప్ప కాగితం ముక్క లేదు.

నాలుగు నెలల కిందటి దాకా ఆమె చిత్తూరులో పెద్ద వకీలు దామోదరంగారి దగ్గర జూనియరు. మెత్తటి మనిషి ఆయన, ఆఫీసులో ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఒకనాడు కక్షిదారులు నిండుగా కూర్చుని ఉండగా ఆయన భార్య శకుంతలమ్మ లోపలి తలుపు తోసుకుని వచ్చింది. "ఈ మనిషి ఈడుంటే నేనుండను! ఈమె వచ్చేది చట్టం కోసమా, నా మొగుడి కోసమా?" అని అందరి ముందూ అరిచింది. దామోదరంగారు తలెత్తకుండా, "రేపటి నుంచి రావద్దమ్మా" అన్నారు. అంతే. సంతోషమ్మకు తల కొట్టేసినట్టయింది.

కసి కొద్దీ అదే ఊళ్లో, గ్రీమ్స్‌పేటలో ఈ గది తీసుకుని సొంతంగా బోర్డు కట్టింది. ఏం లాభం? ఆమె కంటే ముందే ఆ మాట ఊరంతా తిరిగొచ్చింది. ఆమెకు కుదిరిన మదనపల్లె పెళ్లికొడుకు వాళ్లు ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నారు. బంగారుపాళ్యం నుంచి తల్లి ఆనందమ్మ ఉత్తరం రాసింది: 'మిషన్ బడిలో టీచరు పని ఉండాది. నల్లకోటు చాలు, వచ్చెయ్.' చేసిన పాపమేదో తెలిసి ఉంటే సంతోషమ్మకు ఇంత ఏడుపు వచ్చేది కాదు.

మధ్యాహ్నం పుస్తకాలు పెట్టెలో సర్దుతుంటే వాకిట్లో జట్కా ఆగింది. దిగింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ శకుంతలమ్మ!

సంతోషమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఇంకా ఏం మిగిలిందని వచ్చినారు? ఊరే వదిలి పోతా ఉండాను. చాలా?"

శకుంతలమ్మ తలుపు గడియ పెట్టి, రవిక చెయ్యి పైకి తీసింది. మోచేతి నుంచి భుజం దాకా కాలిన మచ్చలు. కొన్ని పాతవి, కొన్ని ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"చుట్టతో" అంది. "పదకొండేండ్లుగా."

"దామోదరంగారా?"

"ఆయన మెత్తదనమంతా ఆఫీసులోనే."

సంతోషమ్మ పుస్తకాలు పక్కకు నెట్టి కుర్చీ ముందుకు జరిపింది.

"మొగుడు హింసపెడితే ఆడది వేరే ఉండి మనోవర్తి అడగొచ్చని కొత్త చట్టం వచ్చింది గదా. ఆయన దగ్గర జూనియరుగా ఉన్నప్పుడు నువ్వే ఆయనకు చదివి వినిపించినావు. గోడకివతల బియ్యం ఏరుకుంటా విన్నాను. ఆ పొద్దు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఈ పొద్దు ఆయన మదరాసుకు పోయినాడు, నేను గడప దాటినాను. నా కేసు పట్టు."

"ఊళ్లో ఇంతమంది వకీళ్లుండగా నేనే దొరికినానా?"

"వాళ్లంతా ఆయనతో పేకాడే వాళ్లే. ఎవరికి చెప్పినా పొద్దు గుంకే లోపల ఆయన చెవిన పడతాది. తెల్లారేసరికి నా శవం లేస్తాది."

సంతోషమ్మకు జాలి ఒకవైపు, మంట ఒకవైపు. పెట్టెలోంచి వకాల్తా కాగితం తీసింది గానీ చేతిలోంచి వదల్లేదు.

"మీ కేసు పడతాను. కానీ ఒకటి చెప్పండి. ఆయనకూ నాకూ ఏదో ఉండాదని నిజంగా నమ్మినారా?"

"ఒక్క పూట కూడా నమ్మలేదు."

"మరి నా బతుకెందుకు బుగ్గి చేసినారు?"

శకుంతలమ్మ కాగితం లాక్కుని వంకర అక్షరాలతో చేవ్రాలు చేసింది. కళ్లు తుడుచుకుని తలెత్తింది.

"నువ్వు ఆయన కింద ఉన్నన్నాళ్లూ ఆయన మీద నా కేసు పట్టలేవు గదా, పాపా."